పుత్తూరు కట్టు, కొత్తగూడెం కడుపు

పుత్తూరుకు వెళ్ళాలంటే ముందు ఏదో ఒక ఎముక విరగాలని మా కొత్తగూడెంలో చాలామంది అనుకుంటారు. ఆంధ్ర, తెలంగాణల్లో ఏ ఊరి బస్టాండు చుట్టుపక్కల చూసినా 'పుత్తూరు కట్టు' అని ఒక బోర్డు ఉండనే ఉంటుంది. మా ఊళ్ళోనూ ఉంది. కానీ బండి మీంచి పడి ముంజేయి విరగ్గొట్టుకున్న మా బాబాయి ఆ బోర్డు వైపు తలెత్తి కూడా చూడలేదు. "లడ్డు తింటే తిరుపతిలో తినాలె, కట్టు కట్టించుకుంటే పుత్తూరులో కట్టించుకోవాలె" అని తేల్చేశాడు. కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి కాబట్టి తోడు నేనే వెళ్ళాలని ఇంట్లో తీర్మానమైంది. అస్థిపంజరం పాఠం చెప్పేవాడు పక్కనుంటే ఎముక త్వరగా అతుక్కుంటుందని కాబోలు. తీరా వెళ్ళాక అక్కడ నాకు జరిగిన పాఠమంతా పేగుల మీద.

విజయవాడలో రాత్రి రైలెక్కి రేణిగుంటలో దిగాం. అక్కణ్ణుంచి పుత్తూరుకు బస్సులో ఎక్కువసేపు పట్టదు. వడమాలపేట వచ్చేసరికి కొండలు రోడ్డు దగ్గరికి జరుగుతాయి. మా వైపు దూరం నుంచి కొండల్లా కనబడేవాటిలో చాలావరకు ఓపెన్‌కాస్టు గనులు తవ్విపోసిన మట్టి దిబ్బలే. అందుకని అసలు కొండను చూసినా "ఇది ఏ గనిది?" అన్న ప్రశ్నే ముందు వస్తుంది మాకు. జూన్ మొదటి రోజులు. ట్రాక్టర్ల నిండా తోతాపురి కాయలు. కిటికీలోంచి గాలితోపాటు మామిడి సొన వాసన.

పుత్తూరు బస్టాండులో దిగగానే ఆటో అతను బాబాయి చేతికి కట్టిన చున్నీ చూశాడు. "కట్టుకే కదా నా, ఎక్కండి" అన్నాడు. అడ్రసు అడగలేదు. మా దగ్గర ఆటో ఎక్కితే గమ్యం చెప్పాలి, బేరమాడాలి, మధ్యలో ఇంకోసారి చెప్పాలి. ఇక్కడ విరిగిన చెయ్యే టికెట్టు.

ఊరికి కాస్త ఎడంగా ఈశ్వరాపురం వైపు ఈ కట్టు కట్టే చోటు. నూరేళ్ళకు పైబడి సాగుతున్న వైద్యం. వరండాలో కూర్చున్నవాళ్ళ మాటలు వింటే తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడ్డాయి. పట్టుకుని తడిమి చూసే వేళ్ళు, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ పీలికలు, వెదురు బద్దలు: సరంజామా అంతే. బాబాయి ఎక్స్‌రే కవరు ముందుకు చాపాడు. చూశారు, పక్కన పెట్టారు, చెయ్యి అందుకున్నారు. ఆ తర్వాత బాబాయి అరిచిన అరుపు కొండకు తగిలి తిరిగొచ్చిందని చెబితే ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు. కొన్నాళ్ళాగి మళ్ళీ చూపించుకుని వెళ్ళమన్నారు. అలా పుత్తూరులో మకాం పెట్టాల్సి వచ్చింది.

మకాం అంటే తిండి. మెస్సులో రాగి సంగటి ముద్ద, పక్కన ఊరిబిండి. నేను అలవాటు ప్రకారం అన్నం నమిలినట్టు నములుతుంటే వడ్డించే కుర్రాడు ఆగిపోయి చూశాడు. "సంగటి నమలగూడదు నా, పులుసులో ముంచి మింగాల" అన్నాడు. మింగాను. గొంతులో వెచ్చగా, నున్నగా ఏదో జారిపోయింది. గోంగూరకు, పప్పుచారుకు అలవాటైన నోటికి ఇది వింత. నాలిక పని అయ్యేలోపే కడుపు పని మొదలవుతుంది. ఆ ఊపులో సాయంత్రం రోడ్డు మీద ఉప్పుకారం చల్లిన మామిడి ముక్కలు, చెరుకురసం, ఇంకెవరో ఇచ్చిన ఇంకేదో. బాబాయి వద్దన్నాడు. ఒంటిచేత్తో ఆపడం ఆయనవల్ల కాలేదు.

తిన్నది అరగాలని ఊళ్ళోకి నడిచాను. పుత్తూరు, నగరి ప్రాంతమంతా మరమగ్గాల ఊళ్ళు. సందు మొదట్లో నిలబడితే ఆ శబ్దం కాళ్ళ కిందనుంచి వస్తుంది. నేను శబ్దాన్ని బట్టి దారి గుర్తు పెట్టుకుందామనుకున్నాను. ఐదారు సందులు తిరిగేసరికి అన్ని సందుల్లోనూ అదే శబ్దం. ఫోనులో పటం చూస్తే నీలం చుక్క ఒక ఇంటి నెత్తిన కూర్చుని కదలడం మానేసింది. వీధిలో అరుగుల మీద కూర్చున్నవాళ్ళు నన్ను చూస్తున్నారు గానీ ఎవరూ ఏమీ అనలేదు. కొత్తవాడు పోతున్నాడు, పోనీ అన్నట్టు. అదే దారిలో రెండోసారి పోయినా పట్టించుకోలేదు.

ఆ తర్వాత సందు అనుకుని ఒక నడవలోకి దూరాను. అది సందు కాదు, ఒకరి ఇంటి పెరటికి పోయే దారి. అవతల నూలు కండెలు ఆరబెట్టిన వాకిలి. కుక్క మొరిగింది. అంతే, మగ్గం ఆగింది. లోపలినుంచి ఒకాయన, వెనక ఒకావిడ, పక్కింటి గోడ మీదుగా ఇంకో తల. "ఎవరు నా? యాడికి పోవాల?" వీధిలో గంటసేపు తిరిగితే అడగని ప్రశ్న, నాలుగడుగులు లోపలికి వేసేసరికి ముగ్గురు ఒకేసారి అడిగారు. చెప్పాక నవ్వారు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, కుర్రాణ్ణి తోడిచ్చి లాడ్జి దాకా పంపించారు.

నేను పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: పేగుల్లో అన్ని బాక్టీరియా ఉంటే ఒంట్లోని కాపలా కణాలు రోజూ యుద్ధం చేయవా సార్? దానికి నా దగ్గర ఉన్న జవాబు పొడిగా ఉండేది. పుత్తూరు పెరట్లో నిలబడ్డాక కాస్త తడి తగిలింది.

మనిషి ఒంట్లో బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, అందులో దాదాపు అన్నీ పెద్దపేగులోనే. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. బాక్టీరియా మనకంటే పదింతలని చాలాకాలం పాఠాల్లో చెప్పాం. 2016లో లెక్క మళ్ళీ వేసి దాదాపు సరిసమానమని తేల్చారు. ఇంత జనానికీ మన రక్తానికీ నడుమ ఉన్నది ఒకే ఒక్క కణం మందం గోడ. దాని మీద జిగురు పూత. పెద్దపేగులో ఆ జిగురు రెండు పొరలు. లోపలి పొరలోకి బాక్టీరియా దాదాపు రావు.

ఆ గోడ కణాలకూ, గోడ వెనక కాచుకున్న కణాలకూ రిసెప్టర్లు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో గుర్తును పడుతుంది. ఒకటి కొన్ని బాక్టీరియా పైపొరలో ఉండే కొవ్వు-చక్కెర ముద్దను, ఒకటి బాక్టీరియా గోడ ముక్కను, ఒకటి డీఎన్‌ఏను. ఇలాంటివి ఉండి తీరాలని 1989లో యేల్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ జేన్‌వే ఊహించాడు. 1996లో ఫ్రాన్సులో జూల్స్ హోఫ్‌మన్ ప్రయోగశాల, టోల్ అనే జన్యువు పాడైన ఈగలు బూజు సోకి చచ్చిపోతున్నాయని చూపింది. 1998లో అమెరికాలో బ్రూస్ బోయిట్లర్ ఎలుకల్లో దానికి చుట్టమైన టీఎల్‌ఆర్-4 పని ఏమిటో పట్టుకున్నాడు. ఆ ఇద్దరికీ 2011లో నోబెల్ వచ్చింది. జేన్‌వే అప్పటికే పోయాడు.

మనకు ఇలాంటి టోల్ రకం రిసెప్టర్లు పది. అందులో ఐదోది, టీఎల్‌ఆర్-5, నాకు ఇష్టమైనది. బాక్టీరియా ఈదడానికి వాడే తోకలోని ఫ్లాజెలిన్ అనే ప్రొటీనును ఇది గుర్తుపడుతుంది. పేగులో తోకలున్న బాక్టీరియా కొల్లలు. మరి పొద్దస్తమానం గోల చెయ్యదా? చెయ్యదు. పెద్దపేగు గోడ కణాల్లో అది ఎక్కువగా వీధి వైపు లేదు, పెరటి వైపు ఉంది. పేగు లోపల ఎన్ని తోకలు తిరుగుతున్నా దానికి పట్టదు. ఫ్లాజెలిన్ గోడ దాటి అవతలికి వస్తేనే కణం కేక వేస్తుంది, ఆ కేకకు రక్తంలోంచి తెల్లకణాలు వచ్చి చేరతాయి. సాల్మొనెల్లా సోకినప్పుడు జరిగేది ఇదేనని 2001లో చూపించారు. తోక అదే. ఎక్కడ కనబడిందన్నదే తేడా. నేను వీధిలో ఉన్నప్పుడూ నేనే, పెరట్లోకి వచ్చినప్పుడూ నేనే.

ఇదంతా రాత్రి లాడ్జి మంచం మీద పడుకుని ఆలోచిస్తుండగా నా కడుపు ప్రత్యక్ష ప్రయోగానికి సిద్ధమైంది. వివరాలు వద్దు. తెల్లారేదాకా మంచానికీ బాత్రూముకూ మధ్య దారి మాత్రం నాకు ఏ పటం లేకుండానే దొరికింది. "చెప్పిన్నా లేదా, నీళ్ళు పడలే" అన్నాడు బాబాయి తృప్తిగా.

పొద్దున మందుల షాపులో ఓఆర్‌ఎస్ పొట్లాలు కొన్నాను. కౌంటరు వెనకున్నాయన నన్ను చూడగానే "కట్టుకొచ్చినారా?" అన్నాడు. కాదు, కడుపు అన్నాను. నిరాశపడ్డట్టు కనిపించాడు.

కొత్త ఊళ్ళో ఇలా అయ్యేదానికి ఎక్కువసార్లు కారణం ఒక రకం ఈ.కొలై. అది గోడ బద్దలు కొట్టదు. గోడకు అతుక్కుని ఒక విషాన్ని వదులుతుంది, దాంతో కణాలు ఉప్పునూ నీళ్ళనూ పేగులోకి వదిలేస్తాయి. అది ఎక్కువగా తిరిగే ఊళ్ళలో పుట్టిపెరిగినవాళ్ళకు చిన్నప్పుడే దానితో పరిచయమై ఉంటుంది. వాళ్ళ పేగుల్లోకి ఐజీఏ అనే యాంటీబాడీ ఊరుతూ, అది గోడకు అతుక్కోకుండా అడ్డుపడుతుంది. నా దగ్గరున్న యాంటీబాడీలు మా ఊరి వాటికి తయారైనవి. నీళ్ళు పడలేదన్న బాబాయి మాటలో అంతకంటే తప్పేం లేదు. ఏ ముద్దలో, ఏ గ్లాసులో వచ్చిందో చెప్పలేను, నేను దేన్నీ వదల్లేదు కదా.

మంచం మీద ఉన్నప్పుడు మా ఊరావిడే గుర్తుకొచ్చింది. కన్నెగంటి తిరుమలదేవి కొత్తగూడెంలో పెరిగారు. కాకతీయ విశ్వవిద్యాలయం డిగ్రీ, ఉస్మానియాలో పీహెచ్‌డీ. ఈ రిసెప్టర్ల మీద ఇవాళ ప్రపంచంలో పేరున్నవాళ్ళలో ఆవిడ ఒకరు. మొదటి రోజు పాఠంలో నేను ఆవిడ పేరు చెప్తే, బొగ్గుగనుల ఊరినుంచా అని పిల్లలు నోరు తెరుస్తారు. టోల్ రిసెప్టర్లలో కొన్ని కణం పైపొర మీద ఉంటే, ఎన్ఎల్ఆర్‌లనే ఇంకో జాతి కణం లోపలే కూర్చుని ఉంటుంది. అందులో ఎన్ఎల్ఆర్‌పీ-3 అనేదాన్ని బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ మేల్కొలుపుతుందని 2006లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆవిడ పనిచేసిన బృందం చూపింది. తర్వాత 2007లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రికి వెళ్ళారు. అక్కడ 2010లో వచ్చిన ఫలితం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. మంట పుట్టించే రిసెప్టరు కాబట్టి, అది లేని ఎలుకల పేగుల్లో మంట తగ్గాలని ఎవరైనా అనుకుంటారు. పేగుపూత తెచ్చే మందు పెడితే ఆ ఎలుకలకే జబ్బు ముదిరింది. గోడ చిరిగి బాక్టీరియా అవతలికి పోయాయి. ఆ రిసెప్టరు పని కేకలు వెయ్యడమే కాదు, గోడకు అతుకు వేయించడం కూడా.

2004లో యేల్‌లో ఇదే సంగతి ఇంకో దారిలో బయటపడింది. యాంటీబయాటిక్స్‌తో పేగుల్లోని బాక్టీరియాను ఊడ్చేసిన ఎలుకలకు అదే మందు పెడితే అవి తట్టుకోలేకపోయాయి. మామూలు రోజుల్లో రిసెప్టర్లు మంచి బాక్టీరియాను కూడా సన్నగా పసిగడుతూనే ఉంటాయట, ఆ సన్నటి కబురే గోడను బాగుచేస్తూ ఉంటుందట. ఆ పసిగట్టడం పాడైతే ఏమవుతుందో చెప్పే ఆధారాలు మనుషుల్లోనూ ఉన్నాయి. బాక్టీరియా గోడ ముక్కను పట్టే నాడ్-2 రిసెప్టరు జన్యువులో తేడాలున్నవాళ్ళకు క్రోన్స్ అనే పేగుజబ్బు వచ్చే అవకాశం ఎక్కువని 2001లో తేలింది. 2010లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మటం విజయకుమార్, ఆండ్రూ గెవర్జ్ బృందం టీఎల్‌ఆర్-5 లేని ఎలుకలను పెంచితే అవి ఎక్కువ తిని లావెక్కాయి, చక్కెర పెరిగింది. వాటి పేగు బాక్టీరియాను, అసలు బాక్టీరియానే లేని మామూలు ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ అవే లక్షణాలు మొదలయ్యాయి. బాక్టీరియాను గుర్తుపట్టడం మానేస్తే తిండి లెక్క కూడా తప్పుతుందన్నమాట. సంగటి ముద్ద మీద ముద్ద మింగిన నా టీఎల్‌ఆర్-5 మీద నాకు కాస్త అనుమానం లేకపోలేదు.

కడుపు కుదుటపడ్డాక బస్టాండు దగ్గర అంబలి అమ్మే అవ్వ దగ్గరికి వెళ్ళాను. మా ఊళ్ళోనూ ఎండాకాలం తోపుడుబండ్ల మీద రాగి జావ అమ్ముతారు, స్టీలు డబ్బాలోంచి, వేడిగా. ఇక్కడ మట్టికుండ. మూత తీస్తే పైన సన్నటి బుడగలు, ఒకటి పగిలితే పక్కన ఇంకోటి. పుల్లటి వాసన.

"ఎట్ల చేస్తావు అవ్వా?"

"ఏముంది నాయనా, రాగిపిండి నీళ్ళలో కలిపి రాత్రంతా పెడతా. పొద్దున నూకలేసి ఉడకేస్తా. మళ్ళా ఒక రాత్రి ఉండాల. అప్పుడు మజ్జిగ పోసి చేత్తో పిసికితే అంబలి."

ఉడకబెడితే మొదటి రాత్రి పెరిగిన బాక్టీరియా చస్తాయి కదా అనుకున్నాను. చస్తాయి. కానీ నాడ్-2 వెతికేది బతికున్న బాక్టీరియాను కాదు, దాని గోడ ముక్కను. చచ్చినదాని గోడ అయినా దానికి సరిపోతుంది. రెండో రాత్రి, మజ్జిగ కలిసి బతికున్నవాటిని మళ్ళీ తెస్తాయి. ఈ పులుపు చేసే లాక్టిక్ బాక్టీరియా పైపొరలో టీఎల్‌ఆర్-4 పట్టే కొవ్వు ముద్ద ఉండదు, చాలావాటికి తోకలూ ఉండవు. గొడవ పెట్టే గుర్తులు లేకుండా పలకరించే గుర్తులు మాత్రం ఉన్న అతిథులు. ఇక రాగిలోని పీచును పెద్దపేగు బాక్టీరియా పులియబెట్టినప్పుడు బ్యుటిరేట్ అనే ఆమ్లం వస్తుంది. దానికీ మన కణాల మీద ఒక రిసెప్టరుంది. అది పేగులో మంటను తగ్గిస్తుందని 2014లో అమెరికాలోని జార్జియా పరిశోధకులు ఎలుకల్లో చూపారు. అంబలి కడుపు నొప్పికి మందని నేననను, అవ్వ కూడా అనలేదు. "నిన్న కడుపు చెడిందా? ఐతే పల్చగా పోస్తా, ఎర్రగడ్డ కొరుక్కోని తాగు" అంది, అంతే. మిరపకాయ మాత్రం ఇవ్వలేదు. అడిగితే కళ్ళెర్రజేసింది.

నా పక్కన బిడ్డను ఎత్తుకుని ఒకావిడ వేలూరు వెళ్ళే బస్సు కోసం చూస్తోంది. ఇక్కడివాళ్ళకు పెద్ద జబ్బంటే వేలూరు ఆసుపత్రే, మాకు హైదరాబాదు ఎలాగో అలా. ఆ వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో గగన్‌దీప్ కాంగ్ బృందం పిల్లల పేగుల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావైరస్ చుక్కల మందును ఢిల్లీ, పుణే, వేలూరుల్లో 6,799 మంది పసిపిల్లల మీద పరీక్షించారు. 2014లో ఫలితం వచ్చింది: మొదటి ఏడాది రోటావైరస్ తెచ్చే తీవ్రమైన విరేచనాలను సుమారు 56 శాతం ఆపింది. ఇలాంటి నోటి మందులు ధనిక దేశాల్లో ఇంకా బాగా పనిచేస్తాయి, మన దగ్గర తగ్గుతాయి. పుట్టిన కొన్నాళ్ళకే రకరకాల సూక్ష్మజీవులతో నిండిపోయి, సన్నగా వాచి ఉండే పసిపేగు మందు చుక్కను సరిగా అందుకోలేదేమోనన్నది ఒక వివరణ. అయినా సగానికిపైగా ఆపడమంటే మన దేశంలో ఎన్నో ప్రాణాలు. 2016లో దేశంలో మొదట ఈ చుక్కలు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ బిడ్డకు వేశారా అని అడిగాను. "ఆరు వారాలప్పుడు ఒకటి, పది వారాలప్పుడు ఒకటి, ఇంగోటి వెయ్యాల" అంది తల్లి టకటకా. నా విద్యార్థులు ఏ జవాబూ ఇంత త్వరగా చెప్పరు.

మిగిలిన సమయంలో నారాయణవనం చూశాం. పుత్తూరునుంచి ఆటో దూరం. కళ్యాణ వేంకటేశ్వరుడి గుడి, పద్మావతమ్మ పెళ్ళి జరిగింది ఇక్కడేనంటారు. ఆ పెళ్ళికి పిండి విసిరిన తిరగలి అని ఒక పెద్ద రాయిని చూపిస్తే బాబాయి కట్టు చెయ్యి మర్చిపోయి తిప్పబోయాడు. కైలాసకోన జలపాతం దాకా కూడా వెళ్ళాం గానీ ఆయన కట్టు తడవకూడదు, నేను నోరు తెరవకూడదు. దూరంనుంచి చూసి వచ్చేశాం.

మీరు వెళ్తే, విరగని ఎముకలతో వెళ్ళినా సరే, తిరుపతినుంచీ చెన్నైనుంచీ బస్సులూ రైళ్ళూ ఉన్నాయి. మొదటి రోజే అన్నీ తినెయ్యకండి, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు సంచిలో వేసుకోండి, నీళ్ళు కాచినవే తాగండి. సంగటి నమలకండి. సందు సన్నగా ఉండి ఎదురుగా నూలు ఆరేసి కనబడితే అది సందు కాదు. అవ్వ అంబలి కుండ ఎండెక్కేలోపే ఖాళీ అయిపోతుంది, ముందు అక్కడికి వెళ్ళి తర్వాత కట్టు వరండాకు పోండి. అక్కడ ఎలాగూ చాలాసేపు కూర్చోవాలి.